కొవ్వొత్తులు తర్వాత, ముందు బీపీ మిషన్

మా ఆస్పత్రిలో ఒక ఆఫ్రికన్ అమెరికన్ సీనియర్ నర్సు ఉంది. అట్లాంటా వైపు వయసులో పెద్దావిడని ఉత్త పేరుతో పిలవరు. పెళ్ళయి మనవలున్నా సరే, పేరుకు ముందు ‘మిస్’ చేరుస్తారు. మన ‘అక్క’ లాంటిదే. నేను అక్క అనే పిలుస్తాను, ఆమెకీ అలవాటైపోయింది. నేను ల్యాబ్‌లో చేరిన రెండో ఏడు, ఒక రాత్రి డ్యూటీలో నా మొహం చూసి “బీపీ చూసుకున్నావా?” అని అడిగింది. టీ తాగితే సర్దుకుంటుందన్నాను. వినకుండా కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ కట్టింది. 152/96. అప్పటికి నాకు 38 ఏళ్ళు.

“ఎంతమందిని మోస్తున్నావ్?” అంది. ఇంటి లోను, అత్తగారి మోకాలి ఆపరేషను, పిల్లాడి లెక్కల ట్యూషను, ఊళ్ళో నాన్న మందులు, నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె నవ్వింది. “మా ఇంట్లో కూడా ఆడవాళ్ళంతా ఇంతే. అందరూ అరవై లోపే పోయారు. నేను పోదల్చుకోలేదు” అంది.

‘సెల్ఫ్ కేర్’ అని ఫోన్‌లో వెతికితే బాత్‌టబ్బు, నురగ, గులాబీ రేకులు, నలభై డాలర్ల కొవ్వొత్తి వస్తాయి. కొవ్వొత్తి మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లోనూ ఒకటుంది. కానీ ఇక్కడి ఆఫ్రికన్ అమెరికన్ ఆడవాళ్ళ దగ్గరికి ఈ మాట వేరే దారిలో వచ్చింది. ఆస్పత్రులు సరిగ్గా పట్టించుకోని రోజుల్లో, 1970 ప్రాంతంలో, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ ఊళ్ళలో ఉచిత క్లినిక్‌లు పెట్టి సికిల్ సెల్ అనే రక్త జబ్బుకి పరీక్షలు చేసింది. ఆ పార్టీ నాయకురాలు ఎరికా హగిన్స్ జైల్లో ఉండగా యోగా, ధ్యానం పట్టుకుని నిలదొక్కుకుంది. తెల్లవాళ్ళ కోసం బస్సులో సీటు వదలని నల్లజాతి మహిళ రోసా పార్క్స్ 1973లో యోగా చేస్తున్న ఫోటో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. మన ఆసనాలు మనకంటే శ్రద్ధగా వేసినవాళ్ళు వీళ్ళు.

కింద రాసిందంతా అక్కా, ఆమె స్నేహితురాళ్ళూ చేసేది చూసి నాలుగేళ్ళుగా నేను చేస్తున్నదే. మీరు హైదరాబాద్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా పనికొస్తుంది. ఒక్క మాట: అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. నేను పెట్టాను. పదో రోజుకి అన్నీ కలిపి మానేశాను.

ముందు బీపీ సరిగ్గా చూసుకోవడం నేర్చుకోండి

అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళలో సగం మందికి పైగా హైబీపీ ఉంది. అదీ చిన్న వయసులోనే మొదలవుతుంది. ఉప్పు, బరువు, వంశం అన్నీ కారణాలే కానీ వాటితోనే లెక్క సరిపోదు. ఎండకీ వానకీ రాయి అరిగినట్టు, రోజూ ఎదురయ్యే చిన్నచూపు, డబ్బు ఇబ్బంది, ఎప్పుడేం జరుగుతుందోనన్న టెన్షన్ కలిసి ఒంటిని వయసుకు ముందే ముసలిదాన్ని చేస్తాయని 1992లో ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు చెప్పారు. దానికి ‘వెదరింగ్’ అని పేరు పెట్టారు. మన దక్షిణాసియా వాళ్ళకి గుండె జబ్బు త్వరగా రావడం వేరే కథ. కానీ చూసుకునే మిషన్ ఒకటే.

మణికట్టుకి పెట్టే రకం వద్దు, మోచేతి పైన కట్టే పట్టీ ఉన్నది కొనండి. కొనేముందు భుజానికీ మోచేతికీ మధ్యలో టేపు చుట్టి కొలుచుకోండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది.

చూసుకునే ముందు కాఫీ తాగి అరగంటైనా అవ్వాలి. బాత్రూంకి వెళ్ళి రండి, ఆపుకుని కూర్చుంటే పది పాయింట్లు ఎక్కువ రావచ్చు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోవద్దు. ఊరికే అంటే ఊరికే, చేతిలో ఫోన్ కూడా ఉండకూడదు. పట్టీ ఒంటి మీదే కట్టాలి, జాకెట్ చేతి మీద కట్టకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకండి, “ఆ, వస్తున్నా” అని కూడా అనకండి. ఒకసారి చూసి, నిమిషం ఆగి మళ్ళీ చూసి, రెండూ రాసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక వారం పాటు.

వారమంతా 130/80 దగ్గరో, పైనో వస్తుంటే ఆ కాగితం డాక్టరుకి చూపించండి. 180/120 దాటి, దాంతోపాటు గుండెల్లో నొప్పో, ఆయాసమో, చూపు మసకబారడమో, మాట తడబడడమో ఉంటే కాగితం సంగతి వదిలేసి అమెరికాలో 911కి, మన దగ్గరైతే 108కి ఫోన్ చేయండి.

మిషన్ కంటే ఆ ఐదు నిమిషాలే ముఖ్యమంటుంది అక్క. తన రోజు మొత్తంలో ఎవరూ ఏదీ అడగని ఐదు నిమిషాలు అవేనట. పట్టీ కట్టి ఉంటే ఇంట్లో వాళ్ళు కూడా నోరెత్తరు. నేను పరీక్షించి చూశాను, నిజమే. కొన్ని రోజులు పట్టీ కట్టుకుని పదిహేను నిమిషాలు కూర్చున్నాను కూడా.

తిండి గురించి ఎక్కువ చెప్పను. రోజు మొత్తానికి సోడియం 2,300 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అంటే సుమారు ఒక టీ చెంచా ఉప్పు. అక్క వాళ్ళింట్లో ఆదివారం కొలార్డ్ ఆకుకూర గంటలకొద్దీ ఉడుకుతుంది. పూర్వం అందులో ఉప్పు పట్టించిన పంది మాంసం వేసేవాళ్ళు. ఆమె ఇప్పుడు కాస్త పొగబెట్టిన టర్కీ ముక్క, వెనిగర్, ఎండుమిర్చి వేస్తుంది. ఉప్పు తగ్గినచోట పులుపూ కారమూ ఆదుకుంటాయి, గోంగూర తినేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. (అన్నట్టు మన అలసందలు ఆఫ్రికా నుంచి వచ్చినవే. బెండకాయ పుట్టిల్లు కూడా అక్కడేనంటారు. కొత్త సంవత్సరం రోజున వీళ్ళు అలసందలు వండుకుంటారు, శుభమని.) ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. పెరుగన్నంలోకి మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టుకోండి.

అరగంట నడవండి, ఒక మనిషిని తోడు పెట్టుకోండి

గర్ల్‌ట్రెక్ అని ఒక సంస్థ ఉంది. టి. మోర్గన్ డిక్సన్, వనెస్సా గ్యారిసన్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు 2010లో మొదలుపెట్టారు. వాళ్ళు నల్లజాతి ఆడవాళ్ళకి చెప్పేది చాలా చిన్నది: ఇంటి గుమ్మం దిగి రోజుకి 30 నిమిషాలు నడవండి. జిమ్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. నడక అనగానే వాళ్ళకి గుర్తొచ్చే మనుషులు వేరు. 1849లో హారియట్ టబ్మన్ బానిసత్వం తప్పించుకుని మేరీలాండ్ నుంచి పెన్సిల్వేనియాకి చేరింది, చాలామటుకు రాత్రిపూట నడిచే. మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి దాదాపు 70 మందిని తీసుకొచ్చింది. రోసా పార్క్స్ అరెస్టుకి నిరసనగా 1955 డిసెంబరు నుంచి మాంట్‌గోమరీలో 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. ఇళ్ళలో వంటా అంట్లూ చేసే ఆడవాళ్ళు ఎంతోమంది మైళ్ళకొద్దీ నడిచి పనికి వెళ్ళారు.

మొదటి వారం పది నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు వెళ్ళండి, వెనక్కి రండి. రెండో వారం ఇరవై, మూడో వారం ముప్ఫై. వేగం ఎంతంటే, పక్కమనిషితో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. వేసవిలో పొద్దున ఏడు దాటాక నడకకి బయటికి రాకండి, అట్లాంటా అయినా విజయవాడ అయినా అంతే. ఎండలు మరీ ముదిరితే షాపింగ్ మాల్‌లో నడవండి, ఎవరేమనుకున్నా.

తోడు కోసం ఐదుగురిని పోగెయ్యకండి, ఒక్కరు చాలు. నేనూ అక్కా పెట్టుకున్న నియమం ఇది: “బయల్దేరా” అని ఒక మెసేజ్, ఐదు నిమిషాలు చూడడం, అవతలి మనిషి రాకపోతే మనం వెళ్ళిపోవడం. రానందుకు సంజాయిషీ అడగకూడదు. ఆ ఒక్క నియమం వల్లే మా నడక ఇన్నాళ్ళు నిలిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శనివారాలు అక్క మా కాలనీకి వచ్చేది నడవడానికి. సెలవు రోజు కూడా ఆస్పత్రి బ్యాడ్జి మెడలో వేసుకునే వచ్చేది. మర్చిపోయి వేసుకుందేమో అనుకునేదాన్ని. మూడో శనివారం మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: “ఎవరో తెలియనావిడ మన వీధుల్లో తిరుగుతోంది, ఎవరికైనా తెలుసా?” పదేళ్ళుగా అక్కడ మేం కొత్త మొహాలతో చీరల్లో, పంచెల్లో నడుస్తూనే ఉన్నాం. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఆరు నెలలు అదే పని. అప్పుడెవరూ అడగలేదు. “నా ఫ్రెండ్” అని రాశాను. తర్వాతి వారం నుంచి ఇద్దరం వేరే చోట, ఊళ్ళో బెల్ట్‌లైన్ దారి మీద నడుస్తున్నాం. అక్క ఆ బ్యాడ్జి ఇప్పటికీ తీయదు. వెదరింగ్ అన్నది పుస్తకంలో చదివి నాకు అర్థం కాలేదు, ఆ బ్యాడ్జి చూశాక అర్థమైంది.

మీ కాలనీలో ఎవరైనా అలా నడుస్తుంటే నమస్కారం పెట్టండి. ఇది కూడా ఆరోగ్య సలహాల్లో రాయదగ్గదే.

వారంలో ఒక పూట తలకి ఇవ్వండి

2011లో అట్లాంటాలో జరిగిన ఒక పెద్ద హెయిర్ షోకి అప్పటి అమెరికా సర్జన్ జనరల్ రెజీనా బెంజమిన్ వచ్చి మాట్లాడారు. దేశానికే పెద్ద డాక్టరు హెయిర్ షోలో ఎందుకంటే, చెమట పడితే జుట్టు పాడవుతుందని చాలామంది నల్లజాతి ఆడవాళ్ళు వ్యాయామమే మానుకుంటున్నారు కాబట్టి. ఆమె కూడా నల్లజాతి మహిళే, ఆ కష్టం ఆమెకి తెలుసు. మగవాళ్ళకి ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. బిగువైన ఉంగరాల జుట్టుని దువ్వి, అల్లి, ఆరబెట్టడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. దాన్ని అరగంట నడకకి ఎవరు పాడుచేసుకుంటారు?

అందుకే ‘వాష్ డే’. మన తలంటు రోజు లాంటిది. అక్క చిన్నప్పుడు శనివారం రాత్రి, మర్నాడు చర్చికని, వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని ఈమెని నేల మీద మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వేదట. కదిలితే దువ్వెనతో ఒకటి వేసేదట. నేను మా అరుగు మీద అమ్మ చేతిలో తిన్న మొట్టికాయల లెక్క చెప్పాను. ఇద్దరం సమానమే.

మీ జుట్టో, మీ అమ్మాయి జుట్టో ఉంగరాలదైతే ఈ పద్ధతి పెట్టుకోండి. మన ఇళ్ళలో ఉంగరాల జుట్టుని చిక్కు జుట్టనీ, పిచ్చుక గూడనీ అంటూ పొడిగా ఉన్నప్పుడే పైనుంచి కిందికి ఈడుస్తారు. సగం జుట్టు దువ్వెనలోనే ఉంటుంది. ముందు కొబ్బరినూనో ఆలివ్ నూనో పట్టించి అరగంట వదిలేయండి. తలని నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టండి. నాలుగోదాన్ని తడిపి, కండిషనర్ బాగా పట్టించి, ముందు వేళ్ళతో చిక్కు తీయండి. తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన తీసుకుని చివర్ల నుంచి మొదలుపెట్టండి. చివర రెండంగుళాలు, అది సాఫీ అయ్యాక ఇంకో రెండంగుళాలు, అలా కుదుళ్ళ దాకా. షాంపూ మాడుకి మాత్రమే, జుట్టు పొడవునా రుద్దొద్దు. తువ్వాలుతో విదిలించి కొట్టే అలవాటు మానేసి పాత కాటన్ టీషర్టుతో అద్దండి. తడి ఉండగానే కొంచెం క్రీమో నూనో రాసి రెండేసి పాయలుగా మెలివేసి వదిలేయండి.

రాత్రికి శాటిన్ టోపీ పెట్టుకుంటారు, బానెట్ అంటారు. నూలు దిండు గలీబు జుట్టులో తడి పీల్చేస్తుంది, రాపిడికి చివర్లు చిట్లుతాయి. టోపీ వద్దనుకుంటే శాటిన్ గలీబు కుట్టించుకోండి, పాత జాకెట్ లైనింగ్ గుడ్డ చాలు. నడకకి వెళ్ళేటప్పుడు నుదుటి మీద చెమట పీల్చే పట్టీ కట్టుకుని, ఇంటికొచ్చాక సిల్కు స్కార్ఫు పది నిమిషాలు బిగించి ఉంచితే ముందు జుట్టు మళ్ళీ అణుగుతుంది.

జడలు మరీ బిగించకండి. నుదుటి దగ్గర జుట్టు ఊడిపోవడం మొదలైతే మళ్ళీ రావడం కష్టం. స్ట్రెయిటెనింగ్ మందుల విషయం కూడా చూసుకోండి. వాటిని తరచూ వాడిన ఆడవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధన ఒకటి బయటపెట్టింది. ఆ మందులే కారణమని తేల్చి చెప్పలేదు కానీ, పెళ్ళికి పెళ్ళికి జుట్టు సాఫీ చేయించుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించాల్సిన సంగతే.

ఈ జుట్టు వ్యవహారంలో మనకి ఇంకో చుట్టరికం ఉంది. తిరుమలలో మనం ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి విగ్గులుగా, అతికించే జుట్టుగా దేశదేశాలు తిరుగుతాయి, అమెరికా సెలూన్లకి కూడా వస్తాయి. ఆ సంగతి చెబితే అక్క తన విగ్గు తీసి చేతిలో పెట్టుకుని “అయితే ఇది దేవుడికి ఇచ్చిందా?” అని కాసేపు చూస్తూ ఉండిపోయింది.

పనయ్యాక పడుకుందాం అనుకోకండి

అట్లాంటాలోనే ట్రిషియా హెర్సీ అనే ఆవిడ 2016లో ‘న్యాప్ మినిస్ట్రీ’ మొదలుపెట్టారు. నలుగురినీ పిలిచి, చాపలూ దిండ్లూ వేసి, పడుకోబెట్టడమే ఆ కార్యక్రమం. తరాలపాటు బానిసలుగా నిద్ర కూడా సొంతం కాని వాళ్ళకి కునుకు తీయడమే ఎదురు తిరగడం అంటారామె. మనకి అంత చరిత్ర లేకపోయినా, పగలు నడుం వాల్చిన కోడల్ని ఇల్లెలా చూస్తుందో తెలుసు కదా.

మధ్యాహ్నం మూడు లోపు, ఇరవై నిమిషాలకి అలారం పెట్టి పడుకోండి. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకోండి. అంతకంటే ఎక్కువైతే లేచాక తల దిమ్ముగా ఉంటుంది. అంట్లు అలాగే ఉండనివ్వండి, అవి ఎక్కడికీ పోవు.

నలుగురు కూర్చుని నిజం మాట్లాడుకోండి

1983 జూన్‌లో బిల్లీ ఏవరీ అనే ఆరోగ్య కార్యకర్త అట్లాంటాలోని స్పెల్‌మన్ కాలేజీలో నల్లజాతి మహిళల ఆరోగ్యం మీద మొదటి జాతీయ సదస్సు జరిపారు. వెయ్యిమందికి పైగా వచ్చారు. దాంట్లోంచి పుట్టిన సంస్థ ఊరూరా చిన్న చిన్న సెల్ఫ్ హెల్ప్ గ్రూపులు పెట్టించింది. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని బీపీ, షుగరు, ఇంట్లో దెబ్బలు, చెప్పుకోలేని దిగులు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. సెల్ఫ్ హెల్ప్ గ్రూపు అంటే మనకి డ్వాక్రా. పది మంది ఆడవాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టడం మన ఊళ్ళకి బాగా వచ్చు. లోను వాయిదా అయ్యాక ఇంకో పావుగంట కూర్చోవాలి, అంతే.

ఎలా చేయాలంటే, నెలకొకసారి, నలుగురైదుగురు, గంట సేపు. వంటలు వద్దు. వంటలు పెడితే ఆతిథ్యమిచ్చేవాళ్ళకి అదో పని. ఒక్కొక్కరికీ పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ మిగతావాళ్ళు సలహా ఇవ్వకూడదు. మన వాళ్ళకి అన్నిట్లోకీ కష్టమైన నియమం ఇదే. మా గ్రూపులో సలహా ఇచ్చినవాళ్ళు డాలరు డబ్బాలో వేయాలి. మొదటి నెలే పదకొండు డాలర్లు పోగయ్యాయి, అందులో ఆరు నావే.

వద్దనడం కూడా అక్కడే నేర్చుకున్నాను. నర్సింగ్ ప్రొఫెసర్ చెరిల్ వుడ్స్ గిస్కాంబే 2010లో నల్లజాతి ఆడవాళ్ళతో మాట్లాడి ఒక పట్టిక రాశారు. ఎప్పుడూ బలంగా కనబడాలి, బాధ మింగాలి, ఒకరి మీద ఆధారపడకూడదు, చేతిలో ఏమీ లేకపోయినా నెగ్గాలి, తనకంటే ముందు అందరికీ చేయాలి. చదవగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెని అందరూ “భూదేవంత ఓర్పు” అని మెచ్చుకునేవాళ్ళు. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే సరే అనకండి. “రేపు చెబుతాను” అనండి. రేపటికి సగం పనులు వాటంతట అవే వేరే మనిషిని వెతుక్కుంటాయి.

దిగులు రెండు వారాలు దాటి, నిద్రా తిండీ తప్పుతుంటే స్నేహితురాళ్ళు చాలరు. అట్లాంటా సైకాలజిస్టు జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ 2014లో మొదలుపెట్టిన ‘థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్’ ద్వారా వీళ్ళు తమ బాధ అర్థం చేసుకునే థెరపిస్టుని వెతుక్కుంటారు. మనం తెలుగు తెలిసిన వాళ్ళని అడగవచ్చు, తప్పేం లేదు. మరీ తట్టుకోలేనట్టుంటే అమెరికాలో 988, ఇండియాలో టెలి మానస్ 14416.

డాక్టరు దగ్గరికి కాగితం పట్టుకెళ్ళండి

2017లో కూతురు పుట్టాక సెరెనా విలియమ్స్‌కి ఊపిరాడలేదు. తనకి రక్తం గడ్డలు కట్టే చరిత్ర ఉందని, స్కాన్ చేయమని ఆమే అడగాల్సి వచ్చింది. మందుల మత్తులో మాట్లాడుతోందని అనుకున్నారు ముందు. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి. ఇక్కడ ప్రసవానికి సంబంధించిన కారణాలతో నల్లజాతి తల్లులు చనిపోవడం తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. చదువూ డబ్బూ ఉన్నా ఆ తేడా పోవడం లేదు.

లక్షణం, ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది, వాడే మందులు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మీ మూడు ప్రశ్నలు అన్నిటికంటే పైన రాయండి, చివర రాస్తే టైం అయిపోతుంది. తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి. పరీక్ష అక్కర్లేదంటే, “అడిగానని, అక్కర్లేదన్నారని నా రికార్డులో రాయండి” అని మర్యాదగా అడగండి. అక్క నేర్పిన వాక్యం ఇది, ఇరవై ఏళ్ళ నర్సు అనుభవం దాంట్లో ఉంది. రాయడానికి పెన్ను తీసేసరికి చాలామంది డాక్టర్లు మళ్ళీ ఆలోచిస్తారు.

మధ్యలో రోజులు తప్పుతాయి. నా నోట్‌బుక్‌లో పోయిన నెల తొమ్మిది గడులు ఖాళీ. వాటిని వెనక్కి వెళ్ళి నింపకండి, ఆ రోజు తారీఖు వేసి ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెట్టండి. ఇవాళ పొద్దున 126/78, రెండోసారి 124/78. ఇప్పుడే “బయల్దేరా” అని మెసేజ్ వచ్చింది. ఐదు నిమిషాల్లో బూట్లు వేసుకోవాలి.